తుపాకుల షాపు మూశాక సరుకు ఎక్కడుండాలి? లాకర్ తప్పనిసరి చేయాలా?

కావలి కుర్రోడు
మా నాన్న పోయాక ఇంట్లో ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీని లైసెన్సున్న షాపులో డిపాజిట్ చేశాం. లైసెన్సుదారు చనిపోతే ఇంట్లో ఉంచుకోకూడదు కదా. పోలీస్ స్టేషన్‌లోనైనా, డీలర్ దగ్గరైనా అప్పగించాలి. వారసుడిగా నా పేరు మీద లైసెన్సు వచ్చేదాకా అది అక్కడే. మొన్న వేరే పని మీద అటు వెళ్తే షాపు కట్టేస్తున్నారు. గోడకున్న చెక్క స్టాండులో తుపాకులు నిలబెట్టినవి నిలబెట్టినట్టే ఉన్నాయి. షట్టర్ దించి రెండు తాళాలు వేసి వెళ్లిపోయారు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. రాత్రిపూట సరుకంతా ఇనప బీరువాలోనో స్ట్రాంగ్ రూమ్‌లోనో పెట్టి తీరాలని గట్టిగా రూలు ఉండాలా? తెలిసినవాళ్లు చెప్పండి. షాపు పేరు మాత్రం అడగొద్దు.

పెన్నా గట్టు
ఇందులో చర్చకేముంది? చిన్నబజారులో బంగారం కొట్టాయన రాత్రయ్యేసరికి షోకేసు ఖాళీ చేసి లాకర్లో పెట్టుకుంటాడు. ఆయనకెవరూ రూలు పెట్టలేదు. పోతే తన డబ్బు పోతుందని భయం. తుపాకీ పోతే నష్టం ఊరందరిదీ. మరి అక్కడ రూలు ఉండొద్దా?

డాలస్‌లో కోవూరు
నేను చూసింది చెప్తా. నేను పనిచేసే గ్యాస్ స్టేషన్ పక్క వరసలోనే ఒక గన్ షాపు. ఒకరోజు తెల్లారుజామున దొంగలు కొట్టేసిన బండి ఒకటి తెచ్చి నేరుగా ముందు గోడకు గుద్దారు. అద్దాలు, తలుపు లోపలికి పోయాయి. గాజు కౌంటర్లు పగలగొట్టి పిస్టళ్లు సంచుల్లో వేసుకుని, పోలీసులు వచ్చేలోపు మాయం. అలారం మోగింది, కెమెరాలో అంతా రికార్డయింది. అందరికీ ముసుగులు. ఇంకేం చూస్తాం! తర్వాత ఓనరు షాపు ముందు కాంక్రీటు దిమ్మెలు పాతించాడు, పిస్టళ్లు రాత్రిపూట సేఫ్‌లో పెట్టడం మొదలెట్టాడు.

ఇక్కడ అమెరికాలో ఫెడరల్ (కేంద్ర) చట్టంలో షాపు మూశాక సరుకు తాళంలో పెట్టాలన్న షరతు లేదు. దొంగతనం జరిగితే తెలిసిన 48 గంటల్లోపు ఏటీఎఫ్‌కీ (తుపాకుల వ్యాపారం చూసే కేంద్ర సంస్థ), లోకల్ పోలీసులకీ చెప్పాలి, అంతే. రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో మాత్రం గట్టిగానే ఉంది. మూశాక ప్రతి తుపాకీ భద్రమైన గదిలో ఉండాలి, లేదా ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే రింగు) గుండా ఉక్కు కడ్డీయో కేబులో దూర్చి తాళం వేయాలి, అదీ కాకపోతే నిప్పుకు కాలని సేఫ్‌లో పెట్టాలి. మూడింట్లో ఏదో ఒకటి. ఇల్లినాయి 2019లో డీలర్లకు రాష్ట్ర స్థాయి చట్టం తెచ్చింది. టెక్సాస్‌లో ఆ గొడవే లేదు, ఓనరు ఇష్టం.

ఒంగోలు డీలర్ మేనల్లుడు
పెన్నా అన్నా, బంగారం డబ్బాలో పడుతుంది. డబుల్ బ్యారెల్ దగ్గర దగ్గర నాలుగడుగులు. వాటికి బీరువా అంటే గదే కట్టాలి. అద్దె షాపులో గోడ కదిపితే ఓనరు ఊరుకుంటాడా?

పైగా వ్యాపారం ఎక్కడుంది? 2019లో ఆయుధాల చట్టం సవరణలో మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించారు. కొత్త లైసెన్సులు రావడమే గగనం. మా మామ షాపు నడిచేది ఎక్కువగా రిపేర్ల మీద, డిపాజిట్ల మీద. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే జనం డిపాజిట్ చేయడానికి తుపాకులు పట్టుకుని ఒక్కసారే వచ్చి పడతారు. ఆ సీజన్‌లో మామ మడత మంచం వేసుకుని షాపులోనే పడుకుంటాడు. ఆయన నిద్రకు ఏ రూలు లెక్క కడుతుంది?

పెన్నా గట్టు
అబ్బయా, ఇప్పుడు నువ్వు చెప్పిందే నా మాటకు సాక్ష్యం. షాపులో ఉండేది మీ సరుకు మాత్రమే కాదు, జనం దాచుకోమని ఇచ్చింది. దాని కాపలా అంతా మీ మామ మంచం మీద నడుస్తోందంటే ఇంకేం చెప్పాలి. డిపాజిట్ ఫీజు పెంచుకోండి, గది కట్టుకోండి.

ఉదయగిరి రైతు
మా వైపు అడవి పందుల కోసం తిరిగే నాటు తుపాకులకు షాపూ లేదు, లైసెన్సూ లేదు, తాళమూ లేదు. ముందు వాటి సంగతి చూడండి నాయనా.

కావలి కుర్రోడు
నిజమే గానీ పెద్దాయనా, నా తుపాకీ ఉంది షాపులో.

చీమకుర్తి క్వారీ
గ్రానైట్ క్వారీ లెక్కలు చూసేవాణ్ణి. పేలుడు పదార్థాలు పెట్టే మ్యాగజైన్ కట్టాలంటే ఊరికి ఇంత దూరం, చుట్టూ కంచె, పిడుగు పడకుండా కడ్డీ, తాళాలు, స్టాకు రిజిస్టరు, ఎన్ని షరతులో! ఖర్చు ఎక్కువని మాకెవరూ మినహాయింపు ఇవ్వలేదు. అయితే ఒక్క మాట. తుపాకుల షాపులకూ రిజిస్టర్లున్నాయి, తనిఖీలున్నాయి. తనిఖీకి వచ్చేవాళ్లు పగలు వస్తారు. పగలు అన్నీ సరిగ్గానే ఉంటాయి. రాత్రి పదింటికి షట్టర్ తీయించి చూసేవాళ్లు లేకపోతే ఏ రూలు పెట్టినా కాగితమే.

హవల్దార్ (రిటైర్డ్), గిద్దలూరు
ఆర్మీలో ఆయుధాలుండే గదిని కోత్ అంటారు. ర్యాకులో నిలబెట్టి, అన్నిటి గుండా గొలుసు దూర్చి తాళం. పొద్దున, సాయంత్రం లెక్క. ఒక్కటి తగ్గితే ఆ రోజు ఎవరికీ అన్నం ఉండదు. గొలుసుకు ఎంత ఖర్చవుతుంది చెప్పండి? కాలిఫోర్నియా కడ్డీ కూడా అదే పని.

పన్నెండు బోరు తుపాకీకి, అంటే డబుల్ బ్యారెల్ లాంటిదానికి, ఇంకా తేలిక. ముందున్న చెక్క ఊడదీసి, లివర్ పక్కకు తిప్పితే బ్యారెల్ చేతికొస్తుంది. నేను బ్యాంకు గార్డుగా ఉన్నప్పుడు శుభ్రం చేయడానికి రోజూ చేసిన పనే. రాత్రి బ్యారెళ్లన్నీ ఒక బీరువాలో, బట్లు (భుజానికి ఆనించే వెనక భాగం) ర్యాకులో గొలుసుకు. బ్యారెల్ లేని బట్ ఎత్తుకెళ్లి ఏం చేసుకుంటాడు, వంటచెరకా? బ్యారెళ్లు విడిగా చాలా తక్కువ చోటు తీసుకుంటాయి. ఏ బ్యారెల్ ఏ బట్‌దో చీటీ కట్టడం మాత్రం మరవకూడదు. ఒకదానిది ఇంకోదానికి సరిగ్గా కూర్చోదు. రూలు పెట్టేవాళ్లు గది కట్టమనే బదులు ఈపాటిది పెడితే చిన్న షాపు కూడా చేయగలదు.

ఒంగోలు డీలర్ మేనల్లుడు
ఇది బాగుంది సార్. రోజూ ఊడదీసి బిగిస్తే అరుగుతుందని మామ అంటాడు. డిపాజిట్ తుపాకులైతే నెలల తరబడి కదలవు, వాటికి చేయొచ్చు. అమ్మకం సరుకుకు గొలుసు చాలు. రివాల్వర్లు ఇప్పుడూ బీరువాలోనే పెడతాం.

కావలి కుర్రోడు
అదంతా వచ్చేలోపు నేనేం చేయాలి? తీసుకెళ్లి స్టేషన్‌లో పెట్టేదా?

హవల్దార్ (రిటైర్డ్), గిద్దలూరు
స్టేషన్‌లో పోదు, కానీ నూనె రాసేవాడుండడు. మా బంధువుది ఒకటి బయటికొచ్చేసరికి లోపలంతా తుప్పు. షాపులోనే ఉంచు. నీ రసీదు తీసి చూడు బాబూ. తుపాకీ నంబరు, బోరు, తయారీ, ఏ స్థితిలో ఇచ్చావో రాసుందా? లేకపోతే రాయించి సంతకం పెట్టించుకో. బ్యారెల్ వేరుగా తాళంలో పెట్టమని అడుగు, ఆ మాట కూడా రసీదు మీద రాయించు.

కావలి కుర్రోడు
రసీదులో "ఒక తుపాకీ" అని ఉంది. నంబరు లేదు. సోమవారం వెళ్తున్నా.