రంగురంగుల న్యూడిబ్రాంకులను (గుల్ల లేని సముద్రపు నత్తలు, అంటే స్లగ్‌లు) ఇంటి ట్యాంకులో పెట్టొచ్చా?

ఉప్పునీరు: నీలం ఒళ్లు, నల్ల చారలు, నారింజ అంచు ఉన్న క్రోమోడోరిస్ అమ్మకానికి వచ్చింది. నాచు తిని బతికేస్తుందంటున్నారు. నాది 200 లీటర్ల రీఫ్ (పగడాల) ట్యాంకు. తీసుకోనా?

మొప్పలమూర్తి: వద్దండీ. అది నాచు ముట్టదు. స్పంజి అనే సముద్ర జీవిని గీరి తింటుంది, అదీ తనకు పడే కొన్ని రకాలే. అద్దం మీద పాకుతోందంటే మేస్తోందని కాదు, తిండి వెతుక్కుంటోందని. రోజురోజుకీ కుంచించుకుపోయి చస్తుంది. ఆ రంగు కూడా సోకు కాదు, హెచ్చరిక. స్పంజి నుంచి వచ్చిన లాట్రుంక్యులిన్ విషం ఒంటి అంచులోనే ఉంటుంది.

పగడపుదిబ్బ: ఫిల్లిడియా అనే న్యూడిబ్రాంక్ ఇంకా ఘోరం. బెదిరితే జిగురుతో పాటు విషం వదులుతుంది, అదే బకెట్లో ఉన్న చేపలు ఫట్.

సంపుబాబు: అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. ఐప్టాసియా (ట్యాంకులో కలుపులా పెరిగే సీ ఎనిమోన్) పీడకు, దాన్ని తినే బెర్గియా అనే న్యూడిబ్రాంక్‌ను మించింది లేదు. లైట్లు ఆర్పాక, పంపులు ఆపి, పిపెట్‌తో ఐప్టాసియా ఉన్న రాయి పక్కనే వదలాలి. పావుగంట ఆగి పంపులు వేయండి. పంపు నోటికి ఫోమ్ స్పంజి తొడగకపోతే లోపలికి లాగేస్తుంది. పెప్పర్‌మింట్ రొయ్యలో సిక్స్‌లైన్ రాస్ చేపో ఉంటే మాత్రం బెర్గియాను తినేస్తాయి, డబ్బు దండగ. జోడీ వెతకక్కర్లేదు, ప్రతిదీ ఆడా మగా రెండూను.

గడ్డినాచు: లెట్యూస్ న్యూడిబ్రాంక్ నాచే తింటుంది కదా?

మొప్పలమూర్తి: అది న్యూడిబ్రాంకే కాదు! దాని పేరు ఎలీసియా, సాకోగ్లాసన్ అనే వేరే గుంపు సముద్రపు స్లగ్. నాచు కణానికి గాటు పెట్టి రసం పీల్చి, హరితరేణువులను ఒంట్లో దాచుకుంటుంది. న్యూడిబ్రాంక్ అంటే వీపు మీద పువ్వులా మొప్పలుండాలి.

సంపుబాబు: అయితే బెర్గియాకు ఆ పువ్వేదీ? వీపు మీది వేళ్లలాంటి సెరాటాలతోనే ఊపిరి పీలుస్తుంది. అదీ న్యూడిబ్రాంక్ కాదంటారా?

మొప్పలమూర్తి: మాట మార్చకండి. ఐప్టాసియా అయిపోయాక మీ బెర్గియా ఏం తింటుంది?

సంపుబాబు: ఏమీ తినదు. చస్తుంది. ట్యాంకులో పెంచినదే కదా, దిబ్బ నుంచి పీక్కొచ్చింది కాదు.

మొప్పలమూర్తి: అదీ సంగతి! పెంచినదైతే ఆకలి వేయదా? ఐప్టాసియా పలచబడగానే రాత్రిపూట టార్చితో పట్టి, అవసరమున్న వాళ్లకిచ్చేయొచ్చుగా.

సంపుబాబు: రెండు సెంటీమీటర్లు కూడా లేనిదాన్ని రాళ్ల సందుల్లో పట్టి చూపించండి, అప్పుడు నీతులు చెబుదురు గానీ.

ఉప్పునీరు: క్రోమోడోరిస్ ఆలోచన మానుకున్నా. ఐప్టాసియాలు నాలుగే ఉన్నాయి. బెర్గియాలు ఎన్ని కావాలి?

సంపుబాబు: నాలుగింటికి స్లగ్ ఎందుకు బ్రదర్? పంపులాపి, సిరంజితో చిక్కటి సున్నపు ముద్ద ఒక్కోదాన్నీ పూర్తిగా కప్పేలా పెట్టు.

మొప్పలమూర్తి: ఈ ఒక్కదానికీ ఒప్పుకుంటా. బ్లేడుతో మాత్రం గీరకండి, అడుగు ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది.