కత్తి పిడికి నూనె మేలా, వార్నిష్ మేలా?

చిత్రిక:
వంటింటి కత్తికి కొత్త పిడి వేస్తున్నాను. రోజ్‌వుడ్ చెక్క, మూడు ఇత్తడి రివెట్లు. ఆకారం కుదిరింది, ఇక పూతే మిగిలింది. అవిసె నూనె పట్టించమని ఒకరు, పాలీయురథేన్ వార్నిష్ వేస్తే నీళ్ళ బెడద ఉండదని మరొకరు చెబుతున్నారు. రోజూ తడిసే కత్తి ఇది. ఏది నిలుస్తుంది?

ఉలి:
వార్నిషే. నూనె చెక్కలోకి ఇంకుతుంది కానీ నీటిని గట్టిగా ఆపలేదు. వార్నిష్ పలుచగా మూడు నాలుగు పూతలు వేసి, పూతకూ పూతకూ మధ్య 400 నంబరు ఉప్పు కాగితంతో (శాండ్‌పేపర్; నంబరు పెరిగేకొద్దీ నునుపు) తేలికగా రుద్దండి. మరకలు పట్టవు. నూనె పిడికి మళ్ళీ మళ్ళీ నూనె పట్టించే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

ఆకురాయి:
ఉలి గారూ, బల్లకైతే మీ మాటే నా మాట. పిడి సంగతి వేరు. తేమకు చెక్క ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఉక్కు అలా కదలదు. ఆ రెండూ కలిసే అంచులో, రివెట్ల చుట్టూ, వార్నిష్ పొర వెంట్రుకవాసి చిట్లుతుంది. అందులోంచి దిగిన నీరు పైన పొర ఉండడంతో త్వరగా ఆరదు. కొన్నాళ్ళకు రివెట్ చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తుంది, తర్వాత పొర గోటికి లేచి వస్తుంది. అప్పుడు పిడంతా గీకి మొదటి నుంచి మొదలుపెట్టాలి. నూనె పిడి అయితే పాడైన చోట రుద్ది మళ్ళీ నూనె పట్టిస్తే చాలు. పైగా తడి చేతిలో గాజులా జారే పిడి ప్రమాదం.

అయితే ఏ నూనె పడితే ఆ నూనె పనికిరాదు. కొబ్బరి నూనె, మినరల్ ఆయిల్ ఎన్నటికీ గట్టిపడవు. అవిసె నూనె, టంగ్ అనే చెట్టు గింజల నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడతాయి. పచ్చి అవిసె నూనె పూత ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

చెక్కపొడి:
మీ ఇద్దరి వాదనలోనూ చెక్క మాట రాలేదు. రోజ్‌వుడ్‌లో సహజంగానే జిడ్డు ఉంటుంది. దానిమీద అవిసె నూనె ఆరక బంకబంకగా ఉండిపోవచ్చు, వార్నిష్ సరిగా అంటుకోకపోవచ్చు. ఏది వేసినా ముందు జిడ్డు తీసే అసిటోన్ ద్రావకంతో తుడిచి, అది ఆరగానే మొదటి పూత వేయండి.

నా దృష్టిలో పూతకన్నా దాని ముందు పనే ముఖ్యం. 120, 220, 320, 400 నంబర్లు వరుసగా, నార వెంబడే రుద్దాలి. ఒక నంబరు దాటేస్తే వెనకటి గీతలు నూనె తగలగానే బయటపడతాయి. 320 తర్వాత తడిగుడ్డతో ఒకసారి తుడవండి. ఆరాక వేలితో నిమిరితే సన్నటి నార లేచి గరుకుగా తగులుతుంది. దాన్ని 400తో నొక్కకుండా కోసేయాలి. ఈ పని ఇప్పుడు చేయకపోతే మొదటిసారి కడిగినప్పుడే పిడి గరుకెక్కుతుంది. రోజ్‌వుడ్ పొడి కొందరి ఒంటికి పడదు, మాస్కు తప్పనిసరి.

ఉలి:
అంచు చిట్లడం నిజమే, ఒప్పుకుంటాను. కానీ పదిమంది చేతులు మారే కత్తికి నూనె ఎవరు పట్టిస్తారు? అలాంటి చోటికి రెసిన్ (గట్టిపడే బంక లాంటి ద్రవం) ఎక్కించిన చెక్క వాడాలి. శూన్యంలో రెసిన్‌ను చెక్క లోపలికి ఇంకించి, వేడితో గట్టిపరుస్తారు. అది తేమకు చాలా తక్కువగా కదులుతుంది.

ఆకురాయి:
దానికి నాకూ అభ్యంతరం లేదు. చిత్రిక గారి దగ్గరున్నది మామూలు చెక్క, వాడేది ఇంట్లో. అందుకే నూనె అంటున్నాను.

చిత్రిక:
మిగిలిన ముక్క మీద అసిటోన్ తుడిచి టంగ్ నూనె వేసి చూస్తాను. ఆరకపోతే పూత మానేసి, 600 దాకా రుద్ది తేనెమైనం పట్టిస్తాను. మెరుపు కోసం బఫింగ్ చక్రం వాడవచ్చా?

చెక్కపొడి:
కత్తికి బిగించిన పిడికి వద్దు. చక్రం అంచును పట్టిందంటే కత్తిని విసిరికొడుతుంది. వేడికి పిడి లోపలి ఎపాక్సీ జిగురు కూడా మెత్తబడవచ్చు. పాత నూలు గుడ్డతో చేత్తో రుద్దితే చాలు.

ఆకురాయి:
ఆ నూనె గుడ్డలను ఉండ చుట్టి మూల పడేయకండి. ముఖ్యంగా అవిసె నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి మడతల్లో చిక్కుకుని, గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. విప్పి ఆరుబయట పరచండి, లేదా నీళ్ళలో ముంచి మూత పెట్టండి.