టెక్సస్ పాఠ్యపుస్తకాలు: బ్లూబానెట్‌ను మన డిస్ట్రిక్ట్ తీసుకోవాలా?

పద్మజ: మన స్కూల్ బోర్డులో బ్లూబానెట్ పాఠాల మీద, అంటే టెక్సస్ రాష్ట్రం తయారు చేయించిన పాఠాల మీద, చర్చ జరగబోతోంది. 2024 నవంబరులో రాష్ట్ర విద్యా బోర్డు 8–7 ఓట్లతో ఆమోదించినవి ఇవే. తీసుకోవాలా వద్దా అన్నది స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) ఇష్టం. మీరేమంటారు?

రమణ_డాలస్: తీసుకోవాలి. 2023 నాటి హెచ్‌బీ 1605 అనే రాష్ట్ర చట్టం ప్రకారం, ఆమోదించిన పుస్తకాలకు ఒక్కో విద్యార్థికి 40 డాలర్లు, ఇలాంటి వాటి ముద్రణకు మరో 20 దాకా డిస్ట్రిక్ట్‌కు అదనంగా వస్తాయి. పైగా ఇవి రాష్ట్రానికి సొంతం. ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

సుధాకర్: పుస్తకం ఎవరి సొంతమో నన్నడగండి. మా అమ్మాయి సైన్స్ పుస్తకం వానలో తడిసిందని మా చేత పూర్తి ధర కట్టించుకున్నారు. పోనీ ఆ తడిసిన పుస్తకమైనా ఇవ్వమంటే ఇవ్వలేదు.

రమణ_డాలస్: చట్టంలో ఉన్నదే కదా సుధాకర్ గారూ. పుస్తకం డిస్ట్రిక్ట్ ఆస్తి, పాడైతే బాధ్యత మనది. పేద కుటుంబాలకు తగ్గిస్తారు కూడా.

సుధాకర్: డబ్బు కట్టాక కూడా వాళ్ల ఆస్తేనా? దానికి జవాబు చెప్పండి.

కవిత: దానికి వేరే థ్రెడ్ పెట్టండి ప్లీజ్.

పద్మజ: రమణ గారూ, లోపల ఏముందో చదివారా? కిండర్‌గార్టెన్ పాఠంలో యేసు కొండమీది ప్రసంగం. ఐదో తరగతిలో లాస్ట్ సప్పర్ (యేసు చివరి విందు) చిత్రం, దానితోపాటు బైబిల్ కథ. మిగతా మతాలకు అంత చోటు లేదు.

రమణ_డాలస్: కథ చెప్పకుండా ఆ చిత్రం ఎలా అర్థమవుతుంది? నేను గుంటూరులో మిషన్ స్కూల్లో చదివాను, నాకేమైంది? అంతగా నచ్చకపోతే ఆ పాఠం వరకు పిల్లల్ని క్లాసు నుంచి తప్పించే హక్కు చట్టమే ఇచ్చింది.

పద్మజ: అది మీ నాన్నగారు ఎంచుకున్న బడి. ఇది అందరి పన్నులతో నడిచే బడి. ఐదేళ్ల పిల్ల ఒక్కతే లేచి బయటికి వెళ్తుంటే క్లాసంతా చూడదా?

రమణ_డాలస్: ప్రతిదానికీ ఇంత రాద్ధాంతమా? ఇక్కడికొచ్చి ఇక్కడి పుస్తకాలు వద్దంటే ఎలాగండీ?

పద్మజ: ఇప్పుడు బయటపడింది అసలు మాట! మీకు సిటిజన్‌షిప్ ఉంది, బోర్డు ఎన్నికల్లో ఓటుంది. మేం హెచ్‌వన్ వర్క్ వీసా మీద ఉండి ఇంటి పన్ను కడుతున్నాం. అందులో పెద్ద వాటా స్కూళ్లకే పోతుంది. అయినా మేం మాట్లాడకూడదా?

రమణ_డాలస్: నేనూ ఏళ్ల తరబడి హెచ్‌వన్ మీదే ఉన్నానమ్మా. నలుగురిలో పడి గొడవ పెట్టుకుంటే వీసాకు ఏమవుతుందోనన్న టెన్షన్‌తో తలొంచుకుని బతికాను. మా పిల్లలు బాగానే చదువుకున్నారు.

పద్మజ: మా పాప అలా పెరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

కవిత: లెక్కల పాఠాలు మాత్రమే తీసుకుని, ఈ బైబిల్ కథలున్న ఇంగ్లిష్ రీడింగ్ పాఠాలు వదిలేసిన డిస్ట్రిక్టులూ ఉన్నాయి. బోర్డు మీటింగులో మాట్లాడటానికి ఓటు అక్కర్లేదు, ముందుగా పేరిస్తే చాలు.

పద్మజ: నేను పేరిస్తున్నాను. రమణ గారూ, మీరు?

రమణ_డాలస్: నేనూ ఇస్తాను. కానీ తీసుకోమనే చెప్తాను.