కోరింగ మడ అడవి అంచు ఎందుకు తరిగింది? ఊళ్లవాళ్లు చెప్పగలరా?

ప్రశ్న (విద్యార్థిని, కాకినాడ):
కోరింగ అభయారణ్యం పక్క ఊళ్లలో చిన్న రైతుల వల్ల మడ ఎలా తగ్గిందో ప్రాజెక్టు రాస్తున్నాను. అందరూ వంటచెరకే కారణం అంటున్నారు. నిజమేనా?

జవాబు (మత్స్యకార కుటుంబం):
మా అమ్మ వాళ్లు నావలో వెళ్లి తిల్ల (మడ అడవిలో పెరిగే చెట్టు), మడ కొమ్మలు మోపులు కట్టి తెచ్చేవారు. ఇప్పుడు గ్యాసుంది. కానీ ఏటా సముద్రంలో చేపల వేట నిషేధం ఉండే 61 రోజులూ చేతిలో డబ్బుండదు. అప్పుడు మళ్లీ కత్తి పట్టేవాళ్లున్నారు.

జవాబు (రైతు, తాళ్లరేవు వైపు):
అమ్మా, వంటచెరకు దగ్గరే ఆగిపోకు. మాది ఎకరం ముప్పావు, అభయారణ్యం హద్దుకు ఇవతల. 1990ల మొదట్లో పక్క చేను టైగర్ రొయ్యల చెరువైంది. రెండో ఏటికే మా గట్టు వెంట తెల్లగా ఉప్పు పేరింది. స్వర్ణ రకం వరి నాట్ల కొనలు మాడిపోయి, పీకితే వేళ్లు లేకుండా వచ్చేవి. నాన్న చిటికెడు మట్టి నాలుక మీద పెట్టుకుని చూసి, మాట్లాడకుండా ఇంటికొచ్చేశారు. మరుసటేడు మేమూ చెరువు తవ్వాం. వరి బతకని చోట ఇంకేం చేస్తాం?

తర్వాత రొయ్యలకి తెల్లమచ్చ తెగులొచ్చింది, పంట మొత్తం పోయింది. సీడు (రొయ్య పిల్లల) అప్పు, మేత అప్పు అలాగే ఉన్నాయి. తీరాలంటే ఇంకో చెరువు కావాలి, ఎదురుగా ఖాళీగా కనిపించింది మడే. ఏటా గట్టు కాస్త ముందుకు జరిపాం. తప్పు మాదే, దాచను.

అసలు మేం నరికింది తక్కువ. చెరువు గట్టు సముద్రపు పోటు నీటిని ఆపేసింది, లోపలి చెట్లు నిలువునా ఎండిపోయాయి. నల్లమడకు గాలి పీల్చే వేళ్లు బురదలోంచి పెన్సిళ్లలా పైకి లేస్తాయి. అవి తెల్లబడి కాలు తగిలితే పుటుక్కున విరిగేవి. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరం వెంట చెరువులు తీసేయమంది. 2005లో తీరప్రాంత చెరువులకు కొత్త చట్టం, 2009లో వనామీ అనే కొత్త రకం రొయ్య వచ్చాయి. మళ్లీ చెరువులు పెరిగాయి. అప్పు, చౌడు పోకుండా చిన్న రైతుని ఒక్కడినే దొంగని చేస్తే అడవి మిగలదు.

ప్రశ్న (విద్యార్థిని):
గట్టు తెంచితే మడ మళ్లీ వస్తుందా బాబాయ్?

జవాబు (రైతు):
గట్టు తెంచితే సరిపోదు, పోటు నీరు లోపలిదాకా పారాలి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ వాళ్లు ఊరివాళ్లతో, అటవీశాఖతో కలిసి చేప ముల్లులా కాలువలు తవ్వి మడ నాటారు. అలా చేసిన చోట్ల మళ్లీ లేచింది. ఆదివారం సముద్రం పాటు మీదున్న వేళకి రామ్మా, నీళ్లు వెనక్కి తీస్తే మా పాత గట్టు ఆనవాళ్లు చూపిస్తాను.