రిటైరయ్యాక కాశీకి సుఖంగా పోతే అది యాత్ర కాదా?

అరండల్‌పేట_రిటైర్డ్:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు, నాకు 62, మా ఆవిడకి 57. కాశీ వెళ్దాం అని పెళ్ళైన దగ్గర్నుంచి అనుకుంటూనే ఉన్నాం, పిల్లల ఫీజులు అయ్యేసరికి మా అమ్మ మంచాన పడింది, అలా అలా ఇప్పటికి వీలు చిక్కింది. ఇప్పుడేమో ఇంట్లో గొడవ. భవానీపురంలో ఉండే మా అన్నయ్య వాళ్ళ బ్యాచ్ అంతా కలిసి బస్సు మాట్లాడుకున్నారు, కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య అన్నీ 12 రోజుల్లో చుట్టేస్తారట, వంటవాళ్ళు కూడా వెంటే వస్తారు, మూడు పూటలా మన తిండే. నాకేమో గంటన్నరకోసారి బాత్రూమ్‌కి వెళ్ళాలి, ప్రతిసారీ డ్రైవర్ దగ్గరికి పోయి ఆపవయ్యా అనడం నామోషీ, పైగా నడుం పట్టేస్తుంది. అందుకని మేమిద్దరం రైల్లో సెకండ్ ఏసీలో పోయి కాశీలోనే తొమ్మిది రాత్రులు ఉండి వచ్చేద్దాం, వంటగది ఉన్న రూమ్ తీసుకుందాం అన్నా (నాకు బయట తిండి పడదు లెండి). దానికి అన్నయ్య, "నాన్న జనరల్ బోగీలో కింద కూర్చుని పోయొచ్చాడు, నువ్వు కమోడ్ ఉందా లేదా అని చూసుకుని కాశీ పోతావా, దాన్ని యాత్ర అనరు పిక్నిక్ అంటారు" అన్నాడు. మాట గుచ్చుకుంది. మీరు చెప్పండి, అంత తప్పా?

పటమట_పెదబాబు:
మీ అన్నగారు గట్టిగా అన్నారు గానీ తప్పు అనలేదు. నేను 64లో కేదార్‌నాథ్ ఎక్కాను, గౌరీకుండ్ నుంచి 16 కిలోమీటర్లు, కర్ర పట్టుకుని, పైన 3,500 మీటర్ల మీద ఊపిరి అందక పది అడుగులకోసారి ఆగుతూ. హెలికాప్టర్ టికెట్ కొనలేక కాదు, నడవాలనే నడిచాను. సుఖం చూసుకోవడం మొదలెట్టామంటే దానికి అంతు ఉండదండీ, ముందు కమోడ్ అంటాం, తర్వాత గీజర్, తర్వాత లిఫ్టు, ఆఖరికి ఈ బాధంతా ఎందుకు టీవీలో హారతి చూద్దాం అంటాం. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనేవాళ్ళు మన పెద్దవాళ్ళు, అంత తెగించి పోయేవాళ్ళు.

బ్రాడీపేట_4వలైను:
పెదబాబు గారూ, అందరూ అలా పోలేదండీ. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు కదా, తిరిగొచ్చేసరికి 15 నెలలు పైనే పట్టింది, ఆయన నడిచి పోలేదు, పల్లకీలో పోయారు, వెంట వంద మంది దాకా పరివారం. ఆయనది పిక్నిక్ అని ఎవరన్నా అన్నారా, ఇప్పటికీ కాశీయాత్ర అంటే మనకి గుర్తొచ్చేది ఆయన పుస్తకమే. అరండల్‌పేట సార్ అడిగింది పల్లకీ కాదు, కమోడ్.

కృష్ణలంక_రైలుబండి:
తప్పా ఒప్పా మీరు తేల్చుకోండి, నేను టికెట్ సంగతి చెప్తా. సార్, బెజవాడలో సంఘమిత్ర ఎక్కండి, మొఘల్‌సరాయ్‌లో దిగితే (2018లో పేరు మార్చారు, ఇప్పుడు దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్) అక్కణ్ణుంచి ఆటోలో కాశీ. లోయర్ బెర్త్ కోటా అని ఉంటుంది, మగవాళ్ళకి 60, ఆడవాళ్ళకి 45 నిండితే చాలు, మీ ఇద్దరికీ వర్తిస్తుంది. కానీ టికెట్ మీద ఒక్కరు గానీ ఇద్దరు గానీ ఉండాలి, మనవడు వస్తానన్నాడని మూడో పేరు ఎక్కించారో కోటా పోతుంది. థర్డ్ ఏసీ వద్దు, కింద బెర్త్ వచ్చినా పైనున్నాయన మిడిల్ బెర్త్ ఎత్తి పెట్టుకుని పడుకున్నాడంటే మీరు మెడ వంచుకుని కూర్చోవాలి, నడుం నొప్పి మనిషికి అది నరకం. సెకండ్ ఏసీలో మిడిల్ ఉండదు. ఒకప్పుడు మగవాళ్ళకి 40 శాతం, ఆడవాళ్ళకి 50 శాతం రాయితీ ఉండేది, 2020 మార్చిలో తీసేశారు, మళ్ళీ ఇవ్వలేదు, ఫుల్ చార్జీ కట్టాల్సిందే. ఫుల్ చార్జీ కట్టి మళ్ళీ కష్టపడటం ఎందుకు అంటాను నేను.

సత్యనారాయణపురం_అక్క:
ఇందాకట్నుంచి చూస్తున్నా, ఒక్కరు కూడా ఆవిడ్ని అడగలేదు. అన్నయ్య గారూ, ఏమనుకోకండి, మీ నడుం, మీ బాత్రూమ్, మీకు పడని బయటి తిండి అన్నీ రాశారు, ఆవిడ గురించి 57 అని ఒక్క అంకె రాసి ఊరుకున్నారు. వంటగది ఉన్న రూమ్ అంటే ఏంటో చెప్పనా, మేము ఒకసారి తీసుకున్నాం, మా వారికీ బయటి తిండి పడదు మరి. నేను చిన్న కుక్కరు, కందిపప్పు, చింతపండు, ఇంగువ డబ్బా, ఆవకాయ సీసా, అది కారకుండా రెండు కవర్లు, అన్నీ మోసుకుపోయా. పొద్దున్నే ఆయన స్నానం చేసి ఘాట్‌లో కూర్చుంటే నేను ఆ సందుల్లో వంకాయలు ఎక్కడ దొరుకుతాయా అని తిరిగా. నాకు యాత్ర ఎక్కడిదండీ, వంటిల్లు మారింది అంతే. ఆ లెక్కన మీ అన్నగారి బస్సులో ఆవిడకే సుఖం, కూర్చుంటే విస్తట్లో వడ్డిస్తారు. సుఖం కావాలనుకోవడం తప్పు కాదు, ఎవరి సుఖం అనేదే నేను అడిగేది. పెదబాబు గారూ, కేదార్‌నాథ్ మీరెక్కారు సరే, మీ ఇంట్లోవాళ్ళు ఎక్కారా?

పటమట_పెదబాబు:
లేదమ్మా. మోకాళ్ళ వల్ల కింద రూమ్‌లోనే ఉండిపోయింది. హెలికాప్టర్‌లో పోదాం అంది, నేనే వద్దన్నాను, నడిస్తేనే పుణ్యం అని. ఇప్పుడు మీరు అడిగితే ఇలా అనిపిస్తోంది గానీ అప్పుడు తట్టలేదు.

బ్రాడీపేట_4వలైను:
అక్క కొట్టిన దెబ్బకి అందరం సైలెంట్.

కృష్ణలంక_రైలుబండి:
తిండి గురించి ఒక మాట, మానససరోవర్ ఘాట్ దగ్గర ఆంధ్రాశ్రమం ఉంది, అక్కడ మన భోజనం దొరుకుతుంది, వంటగదే కావాలని లేదు. కాకపోతే సార్, గదులకైనా భోజనానికైనా ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

అరండల్‌పేట_రిటైర్డ్:
అక్కగారూ, నిన్న రాత్రి మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించా. బీరకాయ పొట్టు తీస్తోంది, చెయ్యి ఆగలేదు, తల కూడా ఎత్తలేదు. నీకేం కావాలో చెప్పు అన్నా. కాసేపటికి అంది, "పొద్దున్నే లేచి ఇవాళేం వండాలి అని అనుకోకుండా తొమ్మిది రోజులు కావాలి. మీకు పడకపోతే పెరుగన్నం తినండి." మరి బస్సులో వంటవాళ్ళు ఉంటారు కదా అంటే, "తెల్లారి మూడింటికి లేపుతారు, ఆ లేవడమేదో ఇక్కడే లేస్తున్నాగా" అంది. ముప్పై ఏళ్ళుగా ఆవిడకి నిద్ర చాలట్లేదని నాకు నిన్నే తెలిసింది, సిగ్గేసింది.
వంటగది రూమ్ ఆలోచన మానేశాం. ఆవిడ అడగని కమోడ్ మాత్రం ఉండాలి, అది నాకు. ఆశ్రమానికి ఫోన్ చేస్తా. 60 రోజుల ముందే టికెట్లు ఇస్తారు కాబట్టి రేపు పొద్దున ఎనిమిదింటికి మా అబ్బాయి కూర్చుని చేస్తానన్నాడు, రెండే పేర్లు అని మరీ మరీ చెప్పా. అన్నయ్యకి మాత్రం ఇంకా చెప్పలేదు.

పటమట_పెదబాబు:
అన్నగారికి టికెట్ చేతికొచ్చాక చెప్పండి, ముందు చెప్తే మళ్ళీ పిక్నిక్ అంటారు. ఇంకోటి, ఆ ఘాట్ల మెట్లు నిలువుగా ఉంటాయి, రైలింగ్ అన్నిచోట్లా ఉండదు, కర్ర పట్టుకెళ్ళండి. రెండు.