అప్‌డేట్: అక్బర్‌నామా బొమ్మ కింద రెండు పేర్లు ఎందుకో తెలిసింది

మొన్న అడిగా కదా, అక్బర్‌నామాలో (మొఘల్ చక్రవర్తి అక్బర్ చరిత్ర చెప్పే బొమ్మల పుస్తకం) ఒకే బొమ్మ కింద మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఇద్దరి పేర్లు ఎందుకున్నాయని, రిప్లై ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండి. మీరు చెప్పిందే కరెక్ట్, ఒకరు బొమ్మ మొత్తం కూర్చి గీస్తే ఇంకొకరు రంగులు వేసేవాళ్ళంట, కొన్నిటికి ముఖాలు వేయడానికి మూడో మనిషి కూడా!

నేనడిగింది లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోది, 1561లో ఆగ్రాలో అక్బర్ హవాయి అనే ఏనుగెక్కి ఇంకో ఏనుగుని తరిమిన బొమ్మ. కూర్పు బసావన్‌ది, రంగులు చేతర్‌వి. రాత్రి జూమ్ చేసి చూస్తూ కూర్చున్నా, ఏనుగుల బరువుకి యమున మీద పడవల వంతెన కుంగిపోతోంది, పడవలు అటూ ఇటూ ఒరిగిపోతున్నాయి, అక్బర్ మాత్రం చెప్పుల్లేని కాళ్ళతో ఏనుగు మెడ మీద అలా కూర్చునున్నాడు, ఎంత బావుందో అసలు! ఇప్పుడు బసావన్ వేసినవన్నీ వెతుకుతున్నా.