వారియర్స్ మ్యాచ్‌కి ఏ ఊరు వెళ్లాలి: ఓక్లాండా, శాన్ ఫ్రాన్సిస్కోనా?

ప్రశ్న (మున్నేకొళాల నుంచి):
అందరికీ నమస్కారం. బెంగళూరులో, మారతహళ్లి పక్కన మున్నేకొళాలలో ఉంటాను. జనవరిలో ఆఫీసు పని మీద కాలిఫోర్నియా వెళ్తున్నాను. ఉండేది ఫ్రీమాంట్‌లో, మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో. అన్నకి క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టదు. నాకేమో కాలేజీ రోజుల నుంచి అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ అన్నా, అందులో ఆడే స్టెఫ్ కర్రీ అన్నా పిచ్చి. పొద్దున ఎనిమిదిన్నరకి లైవ్ పెట్టుకుని, ఇంకో చెవిలో స్టాండప్ కాల్ వింటూ గడిపేస్తుంటాను. ఇంత దూరం వెళ్లి ఒక్క మ్యాచ్ చూడకుండా ఎలా వస్తాను?

తిరకాసు ఏంటంటే, మా టీమ్ సీనియర్ ఒకాయన ఎప్పుడో రాసిపెట్టుకున్న నోట్స్ ఇచ్చారు. అందులో "బార్ట్ రైలెక్కి కొలీజియం స్టేషన్‌లో దిగు, వంతెన మీద నడిస్తే అరీనా వచ్చేస్తుంది" అని ఉంది. మ్యాప్‌లో వెతికితే ఓక్లాండ్‌లో ఆ అరీనా ఉంది, శాన్ ఫ్రాన్సిస్కోలో చేజ్ సెంటర్ అని ఇంకోటి ఉంది. రూమ్మేట్ అయితే "ఆ టీమ్ లాస్ వేగాస్ వెళ్లిపోయింది కదరా" అంటున్నాడు. ఏది నిజం? రైల్లో వెళ్లి రాత్రి తిరిగి రావచ్చా? పెద్దమ్మ కూడా అక్కడే ఉంది, తనూ వస్తానంటోంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. టికెట్ ఎప్పుడు కొంటే మంచిది?

కగ్గదాసపుర నుంచి:
తమ్ముడూ, ముందు ఆ నోట్స్ పక్కన పెట్టేయ్. 2019 వరకు ఆయన చెప్పిందే దారి. ఆ ఏడాది సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలోని మిషన్ బే అనే పేటలో చేజ్ సెంటర్ తెరిచారు, వారియర్స్ అక్టోబరు నుంచి అక్కడే ఆడుతున్నారు. జట్టు అదే, పేరు అదే, జెర్సీ రంగులు అవే, ఊరు మాత్రం మారింది. మన ఊరి బండి మెజెస్టిక్ స్టేషన్ నుంచి బయల్దేరుతుందనుకుని సామాను మోసుకుంటూ వెళ్తే, అది బైయప్పనహళ్లి ఎస్‌ఎంవీటీ స్టేషన్‌కి మారిపోయిందని తెలుస్తుంది చూడు, అచ్చం అలాంటి వ్యవహారం.

తికమకకి ఇంకో కారణం, పాత అరీనాను కూల్చలేదు. ఓక్లాండ్ అరీనా పేరుతో అందులో ఇప్పటికీ కచేరీలు అవుతున్నాయి, అందుకే మ్యాప్‌లో కనిపిస్తోంది. జట్టు పేరులో కూడా ఊరు లేదు, గోల్డెన్ స్టేట్ అని రాష్ట్రం ముద్దుపేరే ఉంది. కాబట్టి టికెట్ మీద వేదిక పేరు చదువుకుని, ఆ పేరునే మ్యాప్‌లో కొట్టు. "వారియర్స్ స్టేడియం" అని వెతకొద్దు.

ఇక ఫ్రీమాంట్ నుంచి దారి. బార్ట్ గ్రీన్ లైన్‌లో డేలీ సిటీ వైపు వెళ్లే రైలెక్కి పావెల్ స్టేషన్‌లో దిగాలి. ముప్పావు గంట పైనే పడుతుంది. పావెల్ నుంచి పైకి రాకుండానే, భూమి లోపలి దారిలో నడిచి యూనియన్ స్క్వేర్ స్టేషన్‌కి వెళ్లొచ్చు. అక్కడ సన్నీడేల్ వైపు వెళ్లే 'టీ' లైన్ మ్యూనీ (శాన్ ఫ్రాన్సిస్కో సిటీ రైలు) ఎక్కితే, యూసీఎస్‌ఎఫ్–చేజ్ సెంటర్ అనే స్టాపు అరీనా ఎదురుగానే ఉంటుంది. చాలామందికి తెలియని సంగతి ఒకటి: ఆ రోజు మ్యాచ్ టికెట్ చూపిస్తే మ్యూనీలో ఛార్జీ ఉండదు. బార్ట్‌కి మాత్రం మామూలుగానే కట్టాలి, దానికి క్లిప్పర్ కార్డు తీసుకో. లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ జట్టుకీ ఈ కార్డుకీ సంబంధం లేదు, కంగారు పడకు.

వెళ్లేటప్పుడు కొలీజియం స్టేషన్ మీదుగానే పోతావు. మీ సీనియర్ చెప్పిన వంతెన, ఆ పక్కన గుండ్రటి అరీనా రైల్లోంచే కనిపిస్తాయి. చూడు, దిగకు.

బెళ్లందూరు నుంచి:
వేగాస్ మాట గాలిలోంచి పుట్టింది కాదు. ఓక్లాండ్ నుంచి వేగాస్‌కి వెళ్లింది రైడర్స్, అది అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, 2020లో వెళ్లింది. బేస్‌బాల్ జట్టు అథ్లెటిక్స్ కూడా 2024 సీజన్ తర్వాత ఓక్లాండ్ వదిలేసి, వేగాస్‌లో స్టేడియం సిద్ధమయ్యేదాకా అని వెస్ట్ శాక్రమెంటోలో సర్దుకుంది. మూడు జట్లూ ఒకే ఆవరణలో ఆడేవి. అయిదారేళ్లలో మూడూ ఖాళీ చేసేసరికి ఎవరు ఎక్కడికి పోయారో అమెరికా వాళ్లకే గుర్తుండదు, మీ రూమ్మేట్‌ని అనడం దేనికి.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి:
నాకు ఎప్పటినుంచో ఒక సందేహం. ఓక్లాండ్‌లో 19,596 సీట్లు రోజూ నిండేవి. అప్పట్లో దాని పేరు ఒరాకిల్ అరీనా. గోల ఎంతుండేదంటే జనం దాన్ని 'రోరాకిల్' (రోర్ అంటే గర్జన) అనేవాళ్లు. చేజ్ సెంటర్లో పట్టేది 18,064 మందే. ఎక్కువ మంది పట్టే చోటు వదిలి తక్కువ పట్టే చోటుకి ఎవరైనా వెళ్తారా?

కగ్గదాసపుర నుంచి:
వెళ్తారండీ, సొంతిల్లు అయితే. ఓక్లాండ్‌లో వాళ్లు అద్దెకున్నవాళ్లే, అప్పట్లో ఆ అరీనా ఊరిదీ కౌంటీదీ. 1975లో ఏమైందో వినండి. జట్టు ఫైనల్స్‌కి చేరింది. తీరా చూస్తే ఆ తేదీల్లో ఓక్లాండ్ అరీనా ఐస్ స్కేటింగ్ షోకి బుక్ అయి ఉంది. ఫైనల్స్ ఆడే జట్టు సొంత కోర్టు దొరక్క, తన ఊరి మ్యాచ్‌లని శాన్ ఫ్రాన్సిస్కో పక్కన కౌ ప్యాలెస్ అనే పాత హాల్లో ఆడింది, అయినా కప్పు కొట్టింది. అద్దెకున్నవాడి పరిస్థితి అలా ఉంటుంది.

జో లేకబ్, పీటర్ గూబర్ 2010లో 45 కోట్ల డాలర్లకి జట్టును కొన్నారు. అప్పటి నుంచే వాళ్ల చూపు నగరం మీద ఉంది. మొదట సముద్రపు ఒడ్డున పాత రేవు మీద కడతామన్నారు, స్థానికులు గట్టిగా ఎదురుతిరిగారు. 2014లో మిషన్ బేలో స్థలం కొని, 2017 జనవరిలో శంకుస్థాపన చేశారు. సుమారు 140 కోట్ల డాలర్లు, ప్రైవేటు డబ్బుతోనే. ఇప్పుడు మ్యాచ్ లేని రోజున కచేరీ పెట్టినా ఆ ఆదాయం వాళ్లదే. సీట్లు తగ్గితే ఏం, కంపెనీలు ఏడాది పొడవునా తీసుకునే ఖరీదైన బాక్సులున్నాయి. డబ్బున్న టెక్ కంపెనీలన్నీ ఆ చుట్టుపక్కలే కదా. లెక్క చూస్తే వాళ్లు చేసింది తెలివైన పనే.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి:
లెక్క సరే, న్యాయం? 1971 నుంచి, మధ్యలో ఒక్క సీజన్ శాన్ హోసేలో ఆడటం తప్పిస్తే, జట్టు ఓడినా గెలిచినా ఓక్లాండ్ జనమే మోశారు. పోతూ పోతూ పాత అరీనా బాగుచేతల అప్పులో మిగిలిన దాదాపు 4 కోట్ల డాలర్లు మేం కట్టం అన్నారు కదా.

కగ్గదాసపుర నుంచి:
అన్నారు. 2018లో మధ్యవర్తి కట్టాల్సిందేనని తేల్చాడు, వీళ్లు కోర్టుకి కూడా వెళ్లారు, అక్కడా ఓడిపోయారు. ఆ విషయంలో నేనూ మీ పక్షమేనండీ. అయితే సియాటెల్ వాళ్ల గతి చూస్తే ఓక్లాండ్ కాస్త నయం. అక్కడి బాస్కెట్‌బాల్ జట్టు సూపర్‌సోనిక్స్‌ని 2008లో ఏకంగా ఓక్లహోమా సిటీకి తరలించేశారు, జట్టు పేరు కూడా థండర్‌గా మారిపోయింది. ఓక్లాండ్ అభిమాని రైలెక్కితే గంటలోపు చేజ్ సెంటర్‌లో ఉంటాడు. టికెట్ ధర అందుతుందా అంటే, అది వేరే కథ.

కోరమంగళ నుంచి:
కొత్త ఇల్లు అచ్చిరాలేదని అప్పట్లో మా గ్యాంగ్ అంతా అనుకున్నాం. 2019 జూన్ 13న ఓక్లాండ్‌లో ఆఖరి మ్యాచ్ ఆడితే, టొరంటో వాళ్లు ఆ కోర్టు మీదే కప్పు ఎత్తారు. మన పెద్ద ఆటగాళ్లలో క్లే థాంప్సన్ మోకాలు పోయింది, డ్యురాంట్ బ్రూక్లిన్ జట్టుకి వెళ్లిపోయాడు, కొత్త అరీనాలో సీజన్ మొదలైన వారానికే కర్రీ చెయ్యి విరిగింది. 15 గెలుపులు, 50 ఓటములు! వాస్తు బాలేదని జోకులు వేసుకున్నాం. 2022లో మళ్లీ ఛాంపియన్లయ్యాక ఆ జోకులు ఆగాయి.

ప్రశ్న అడిగినవారు:
వాస్తు సంగతి పెద్దమ్మకి చెప్పకండి, నిమ్మకాయలు పట్టుకొస్తుంది. టికెట్, సీటు, రాత్రి రైలు గురించి కూడా చెప్పండి ప్లీజ్.

కాడుగోడి నుంచి:
ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు వెళ్లేదాన్ని కాబట్టి చెప్తున్నాను. టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది. ప్రింటు తీసుకెళ్తే లోపలికి పంపరు, స్క్రీన్‌షాట్‌ని కూడా నమ్ముకోవద్దు. ఇంటి దగ్గర వైఫై ఉన్నప్పుడే టికెట్‌ని ఫోన్ వాలెట్‌లో వేసుకోండి. గేటు దగ్గర ఇండియా సిమ్ రోమింగ్ అందక జనం పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. పవర్ బ్యాంక్ ఉంటే ఇంకా మంచిది.

ధర ఎదురు జట్టుని బట్టి ఉంటుంది. లాస్ ఏంజెలెస్ లేకర్స్ లాంటి పేరున్న జట్టు వస్తోందంటే మండిపోతుంది. అదే మంగళవారమో బుధవారమో పట్టిక అడుగున ఉన్న జట్టుతో అయితే బాగా తక్కువకి దొరుకుతుంది. వేరేవాళ్లు తిరిగి అమ్మే టికెట్లు మ్యాచ్ దగ్గరపడే కొద్దీ తగ్గడం మామూలే, కానీ మీతో పెద్దావిడ ఉన్నారు కాబట్టి ఆఖరి గంట జూదం వద్దు. రెండు మూడు రోజుల ముందే పక్కపక్క సీట్లు చూసి కొనేయండి. కొనేటప్పుడు ఫీజులన్నీ కలిపిన మొత్తం చూడండి. కర్రీ కోసమే వెళ్తున్నారు కాబట్టి ఇంకో మాట: వరసగా రెండు రోజులు మ్యాచ్‌లుంటే పెద్ద ఆటగాళ్లని ఒకరోజు కూర్చోబెట్టే అవకాశం ఉంటుంది. అలాంటి జంట తేదీలు వదిలేయండి. గాయాల జాబితా లీగ్ సైట్‌లో ముందురోజే పెడతారు.

పెద్దమ్మగారికి పై అంతస్తు వద్దే వద్దు. అక్కడ మెట్లు నిలువుగా ఉంటాయి, పక్కవాళ్లు లేచినప్పుడల్లా ఈవిడా లేవాలి. కింద లెవెల్‌లో, నడవా పక్క సీటు, కోర్టుకి మరీ దగ్గర కాకుండా వెనక వరసల్లో తీసుకుంటే దిగాల్సిన మెట్లు తక్కువ. మెట్లు అసలే ఎక్కలేకపోతే వీల్‌చైర్ గుర్తున్న సీట్లుంటాయి, కొనేటప్పుడే ఎంచుకోవాలి. బయటి తిండి తేనివ్వరు. పులిహోర కట్టుకొస్తానంటే ఇంట్లోనే తిని బయల్దేరమనండి. లోపల శాకాహారం దొరుకుతుంది, ధర చూసి ఆవిడ అనే మాటలకి మీరు సిద్ధంగా ఉండాలి. డబ్బులు కార్డుతోనే, నోట్లు తీసుకోరు. బ్యాగు లేకుండా వెళ్తే గేటు దగ్గర పని త్వరగా అవుతుంది.

మీ అన్న "కారులో దింపేస్తాలే" అంటే సంతోషమే, కానీ ఆ చుట్టుపక్కల మ్యాచ్ రోజు పార్కింగ్ రేటు చూస్తే ఆయనే వద్దంటారు. వెళ్లినా సీట్లో ల్యాప్‌టాప్ బ్యాగు కనిపించేలా వదిలేయొద్దు. ఆ ఊళ్లో కారు అద్దాలు పగలగొట్టడం జరుగుతుంటుంది. ఫ్రీమాంట్ స్టేషన్ దాకా కారు, అక్కడి నుంచి రైలు, ఇదే హాయి.

యలహంక నుంచి:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. మా తమ్ముడు లాస్ ఏంజెలెస్‌లో ఉన్నాడు. క్లిప్పర్స్ కూడా ఇలాగే మారారా?

బెళ్లందూరు నుంచి:
మారారు, 2024లో. అంతకుముందు డౌన్‌టౌన్‌లో లేకర్స్ ఆడే అరీనాలోనే వీళ్లూ అద్దెకుండేవాళ్లు. లేకర్స్, ఐస్ హాకీ జట్టు కింగ్స్ తేదీలు పోగా మిగిలినవి వీళ్లకి. అందుకే జట్టు యజమాని స్టీవ్ బామర్ సుమారు 200 కోట్ల డాలర్లు పెట్టి పక్కనున్న ఇంగిల్‌వుడ్‌లో ఇంట్యూట్ డోమ్ అనే అరీనా కట్టించాడు, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే సోఫై స్టేడియానికి కూతవేటు దూరం. గోల్ వెనక 'ది వాల్' అని 51 వరసలు ఏకంగా పైదాకా ఉంటాయి, అరుపులన్నీ అక్కడివే. లోపలికి వెళ్లాలన్నా, తిండి కొనాలన్నా వాళ్ల యాప్ ఉండాలి, ముందే ఖాతా తెరిచి కార్డు ఎక్కించుకోమనండి. లేకర్స్ మాత్రం పాత చోటే ఉన్నారు. క్లిప్పర్స్–లేకర్స్ మ్యాచ్ కొంటే ఎవరి ఇంట్లో ఆటో చూసుకుని కొనాలి.

ప్రశ్న అడిగినవారు:
తేదీ ఖరారు చేశాను, మంగళవారం రాత్రి ఏడు గంటల ఆట. కింద లెవెల్‌లో నడవా పక్కన మూడు సీట్లు. క్రికెట్ అన్న కూడా వస్తాడట, పెద్దమ్మని ఒంటరిగా నాతో పంపడానికి భయమో ఏమో. తిరుగు రైలు ఒక్కటి చెప్పేయండి.

కగ్గదాసపుర నుంచి:
ఏడుకి మొదలైతే తొమ్మిదిన్నర ప్రాంతంలో అయిపోతుంది. బయటికి రాగానే స్టాపు దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు, భయపడకండి, మ్యాచ్ అయ్యాక అదనపు మ్యూనీ రైళ్లు వేస్తారు. పెద్దమ్మగారితో కాబట్టి మొదటి రైలు వదిలేసి రెండోదో మూడోదో ఎక్కండి. పావెల్ చేరేసరికి నేరుగా ఫ్రీమాంట్ వెళ్లే గ్రీన్ లైన్ ఆ పూటకి ఆగిపోయి ఉంటుంది. డబ్లిన్ వైపు వెళ్లే బ్లూ లైన్ ఎక్కి బే ఫెయిర్‌లో దిగి, అక్కడ బెరియెస్సా వైపు వెళ్లే ఆరెంజ్ లైన్ పట్టుకోవాలి. వెళ్లే ముందు రోజు బార్ట్ టైమ్‌టేబుల్ చూసి ఆఖరి రైళ్ల వేళలు రాసుకో. జనవరి రాత్రి బే ఫెయిర్ ప్లాట్‌ఫారం మీద చలిగాలి కొడుతుంది, పెద్దమ్మకి శాలువా కాదు, మంచి జాకెట్ వేయించు.